బందరంటే కోతి కాదు!

విజయవాడ పండిట్ నెహ్రూ బస్టాండు. తెల్లవారుజామున మొదలైతే అర్ధరాత్రి దాకా అక్కడ ఓ కేక వినిపిస్తూనే ఉంటుంది.

‘‘బందర్... బందర్... బందర్!’’

బస్సు నొసట రాసి ఉండేది మచిలీపట్నం. కండక్టరు నోట వచ్చేది బందరు. కంకిపాడు వాళ్లకీ, ఉయ్యూరు వాళ్లకీ, పామర్రు వాళ్లకీ ఇందులో వింతేమీ లేదు. కానీ పాట్నా నుంచో, కాన్పూరు నుంచో అప్పుడే రైలు దిగి వచ్చిన కుర్రాడి సంగతి ఊహించండి. ‘‘ఇదేమిటి, ఈయన కోతి... కోతి... కోతి అని అరుస్తున్నాడు? పైగా జనం పరుగెత్తుకెళ్లి ఎక్కేస్తున్నారు!’’ అనుకోడూ?

బయటికొచ్చి ఆటో ఎక్కితే ఇంకో చిక్కు. ‘‘ఎక్కడికి వెళ్లాలి బాబూ?’’ అని అడిగి, ‘‘బందరు రోడ్డా? ఎక్కండి’’ అంటాడు డ్రైవరు. కోతి బస్సు అయిపోయింది, ఇప్పుడు కోతి రోడ్డు! తాలూకా మారితే చాలు... బందరు కాలువ, బందరు కోట, బందరు లడ్డు, బందరు హల్వా. కోతి కాలువ, కోతి కోట, కోతి లడ్డు!

మన పిల్లలకీ ఈ ఇబ్బంది తప్పదు. ఆరో తరగతిలో హిందీ మాస్టారు ‘బందర్ అంటే కోతి’ అని చెప్పగానే క్లాసులో బందరు నుంచి వచ్చిన పిల్లాడి వైపు నలభై తలకాయలు తిరుగుతాయి. పాపం, ఆ పిల్లాడికి ఏం జవాబు చెప్పాలో తెలియదు.

జవాబుంది. అదీ చిన్న జవాబు కాదు. ఇరాన్ నుంచి బ్రూనై దాకా, సోమాలియా నుంచి మంగళూరు దాకా విస్తరించిన జవాబు.

రేవే ఊరి పేరు

బందర్ అనేది పారశీక పదం. రేవు, నౌకాశ్రయం అని అర్థం. ఇరాన్ పటం తెరిచి దక్షిణ తీరం వెంట వేలు కదిపితే చాలు... బందర్ అబ్బాస్, బందర్ బుషెహర్, బందర్ ఇమాం ఖొమేనీ. పైన కాస్పియన్ తీరాన బందర్ అంజలీ. అన్నీ రేవులే. అన్నింటి పేర్లకూ ముందు మన బందరే.

పారశీకంలో ‘బంద్’ అంటే కట్టు, అడ్డు, ఆనకట్ట. అది సంస్కృతంలోని ‘బంధం’కు చుట్టమే. ఓడల్ని కట్టేసే చోటు కాబట్టి ‘బందర్’లోనూ ఆ బంద్ ఉందని ఓ వివరణ. బందోబస్తు, బంద్, కమర్‌బంద్... మనం రోజూ వాడే ఈ మాటలన్నీ ఆ కుటుంబానివే.

మరి ఎక్కడి ఇరాన్? ఎక్కడి కృష్ణా జిల్లా? ఆ మాట ఇక్కడికెలా వచ్చింది?

ఓడ మీద వచ్చింది. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో ఆ రాజ్యానికి ప్రధాన రేవు మచిలీపట్నమే. కొలువులో రాజభాష పారశీకం. 17వ శతాబ్దంలో ఇక్కడి నుంచి బందర్ అబ్బాస్‌కూ, ఎర్ర సముద్రపు రేవులకూ ఓడలు నడిచేవి. గోల్కొండలో మంత్రి పదవి దాకా ఎదిగిన మీర్ జుమ్లా ఇరాన్ నుంచి వచ్చినవాడే. అలాంటి వర్తకులు, ఉద్యోగులు ఇక్కడి రేవును తమ భాషలో ‘బందర్’ అన్నారు. రేవు అధికారిని ‘షాబందర్’ అన్నారు. వినీ వినీ ఊరి జనానికి అదే ఊరి పేరైపోయింది. తెలుగు నోట పడ్డాక దానికో ఉకారం తగిలింది. బందర్ కాస్తా బందరైంది.

ఒక్క ఆ మాటేనా! ఓడ ఆపడానికి వేసే ‘లంగరు’ పారశీకమే. పడవ నడిపే ‘సరంగు’ కూడా అక్కడి నుంచి వచ్చినవాడే. పంజాబు గురుద్వారాల్లో ఉచితంగా భోజనం పెట్టే చోటునీ ‘లంగర్’ అనే అంటారు. అదీ పారశీకం నుంచి వచ్చిన మాటే. ఒకచోట ఓడ ఆగుతుంది, మరోచోట ఆకలి!

కుతుబ్‌షాహీల కంటే ముందు ఈ ఊరికి పేరు లేదా అంటే, ఉంది. క్రీస్తుశకం 2వ శతాబ్దంలో గ్రీకు భూగోళ శాస్త్రవేత్త టాలెమీ ఈ తీరాన్ని ‘మైసోలియా’ అన్నాడు. ‘మైసోలస్’ అనే నదినీ పేర్కొన్నాడు. మచిలీపట్నంలోని ‘మచిలీ’ని చూసి హిందీలో మచ్ఛీ, మఛ్లీ... అంటే చేపల పట్నం అనేవాళ్లున్నారు. చేపలకు కొదవలేని ఊరు కాబట్టి ఆ మాట నప్పుతుంది కూడా. కానీ మైసోలియా అన్న పేరు పుట్టేనాటికి హిందీ అనే భాషే పుట్టలేదు! హిందీ అద్దంలోంచి చూస్తే బందరు కోతి అయినట్టే, మచిలీ చేప అయిందన్నమాట.

కోతి ఎలా దూరింది?

మరి హిందీ బందర్ సంగతేమిటి? దాని పుట్టుక పూర్తిగా వేరు. సంస్కృతంలోని ‘వానర’ శబ్దమే అరిగి అరిగి బందర్ అయింది. రెండు అడుగుల్లో జరిగిందీ మార్పు.

మొదటి అడుగు... ఉత్తరాది భాషల్లో చాలాచోట్ల ‘వ’ పోయి ‘బ’ వచ్చింది. వర్షం ‘బర్‌సాత్’ అయింది. వనం ‘బన్’ అయింది. వానరంలోని ‘వా’ కూడా ఆ దారే పట్టింది.

రెండో అడుగు... మధ్యలో అచ్చు జారిపోయి ‘న’ పక్కకు ‘ర’ వచ్చి కూర్చుంది. ‘న్ర’ అని గబగబా పలికి చూడండి. నాలుక ‘న’ నుంచి ‘ర’కు దూకేటప్పుడు మధ్యలో చిన్న ‘ద’ తనంతట తనే మొలుస్తుంది. న్ర... న్ద్ర... అలా ‘బాంద్ర’ అయి, ఆపైన ‘బందర్’ అయింది. ఇదేమీ విడ్డూరం కాదు. రాగికి సంస్కృతంలో తామ్రం, హిందీలో తాంబా. అక్కడ ‘మ’కూ ‘ర’కూ మధ్య ‘బ’ మొలిచింది. పాత ఇంగ్లిషులో ఉరుమును ‘థునొర్’ అనేవారు. ఇప్పుడది ‘థండర్’. అక్కడా ‘ద’ లాంటి శబ్దమే మొలిచింది. నాలుక ఎవరిదైనా నాలుకే కదా!

రడ్యార్డ్ కిప్లింగ్ 1894లో అచ్చేసిన ‘జంగిల్ బుక్’లో కోతి మూకను ‘బందర్ లోగ్’ అంటాడు. ఆ బందర్ ఈ వానర వంశపు బందర్. మన బందరుతో దానికి నెత్తుటి సంబంధం లేదు.

ఒకే భాషలో రేవూ కోతీ ఒకే పేరుతో ఉంటే ఇబ్బందే. పారశీకం నుంచి ఎన్నో మాటలు తెచ్చుకున్న ఉర్దూకి ఆ ఇబ్బంది వచ్చింది. అందుకే అది తెలివైన పని చేసింది. కోతిని బందర్‌గానే ఉంచి, రేవుకు ‘గాహ్’ తగిలించి ‘బందర్‌గాహ్’ అంది. హిందీ కూడా అదే దారి పట్టింది. గుజరాతీ, మరాఠీలది వేరే దారి. ఆ భాషల్లో బందర్ అంటే రేవే. కోతికి గుజరాతీలో ‘వాంద్రో’, మరాఠీలో ‘మాకడ్’ ఉండనే ఉన్నాయి. ముంబయిలోని అపోలో బందర్, గుజరాత్‌లోని పోర్‌బందర్... అవన్నీ రేవులు.

అన్నట్టు, ఉత్తరాది వాళ్లు మన బందరు చూసి నవ్వుకుంటే, మనం హైదరాబాదు వెళ్లి బదులు తీర్చుకోవచ్చు. అక్కడ ‘కోఠీ’ ఉంది. తెలుగు చెవికి కోతిలాగే వినిపిస్తుంది! నిజానికి కోఠీ అంటే హిందూస్థానీలో పెద్ద భవంతి. 19వ శతాబ్దం తొలినాళ్లలో అక్కడ కట్టిన బ్రిటిష్ రెసిడెన్సీ వల్ల ఆ పేటకు ఆ పేరు. ఇంకో తమాషా... వ్యాపార సంస్థల గిడ్డంగినీ, కార్యాలయాన్నీ కూడా ఆ రోజుల్లో కోఠీ అనేవారు. 1611లో ఈస్టిండియా కంపెనీ వాళ్లు తూర్పు తీరంలో తమ మొట్టమొదటి వర్తక స్థావరం పెట్టింది ఎక్కడనుకున్నారు? మచిలీపట్నంలో. అంటే బందరులో కోఠీ. రెండు పేర్లూ కలిసినా మధ్యలో కోతి మాత్రం లేదు!

కన్నడంలో ‘వచ్చారు’

ఇక్కడితో కథ అయిపోతే రెండు అర్థాలే. అసలు మజా కన్నడ దేశంలో ఉంది.

కన్నడంలో రేవును ‘బందరు’ అనే అంటారు. మనలాగే ఉకారంతో సహా. నవ మంగళూరు బందరు... ఆ పెద్ద నౌకాశ్రయానికి కన్నడ పేరిది. రెండు లిపులూ దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి బందరు మనిషి మంగళూరు వెళ్తే, కూడబలుక్కుని తన ఊరి పేరు బోర్డు మీద చదువుకోవచ్చు.

కానీ అదే కన్నడంలో ‘బందరు’కు ఇంకో అర్థం ఉంది. ‘వచ్చారు’ అని. ‘అవరు బందరు’ అంటే ‘వారు వచ్చారు’. నాన్నగారు వచ్చినా బందరు, మాస్టారు వచ్చినా బందరు, పెళ్లివారు వచ్చినా బందరు. ‘బందరిగె బందరు’ అంటే ‘రేవుకు వచ్చారు’. మన బందరుకు బస్సులో ఓ కన్నడ కుటుంబం వచ్చి దిగితే అక్షరాలా అదే మాట అనుకోవచ్చు!

ఈ మూడో బందరు పారశీకమూ కాదు, సంస్కృతమూ కాదు. అచ్చమైన ద్రావిడం. తమిళంలో ‘వందార్’ అంటే వచ్చారు. తమిళంలో ‘వ’ ఉన్నచోట కన్నడంలో ‘బ’ పలుకుతుంది. కాబట్టి వందార్‌కు అక్కడ తోడబుట్టిన మాట బందరు. మన ‘వచ్చారు’ కూడా ఆ ధాతువు నుంచి వచ్చిందే.

ఇప్పుడు మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. పారశీకంలో బందర్ మొదటి నుంచీ ‘బ’తోనే ఉంది. హిందీలోది ఒకప్పటి ‘వానర’. కన్నడంలోది ఒకప్పటి ‘వ’తో మొదలైన క్రియ. మూడు వేర్వేరు ఊళ్ల నుంచి బయలుదేరిన ముగ్గురు ఒకే సత్రంలో దిగినట్టు, మూడు మాటలూ ఒకే శబ్దంలోకి వచ్చి చేరాయి.

తెలుగు మాత్రం ‘వ’ను వదులుకోలేదు. వానరం వానరంగానే ఉండిపోయింది. వచ్చారు వచ్చారుగానే ఉండిపోయింది. కాబట్టి తెలుగులో ‘బందరు’ అన్న శబ్దం ఖాళీగా ఉంది. పారశీకపు రేవు వచ్చి దర్జాగా ఆ కుర్చీలో కూర్చుంది. పోటీ లేదు, గందరగోళం లేదు. అందుకే మనకు బందరంటే బందరే! అలాగని తెలుగు నాలుకకు వ-బల తడబాటు లేనే లేదనలేం. విజయవాడే బెజవాడ అయిందని ఓ వాదన. కాదు, అర్జునుడి కొండల మధ్య నుంచి కృష్ణమ్మకు దారి ఇచ్చిన ‘బెజ్జం వాడ’ అని స్థల కథ. అది మరో వ్యాసం.

ఒక రోడ్డు, మూడు బందర్లు

ఈ కథంతా తారు రోడ్డు మీద చూడాలంటే 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే సరి. పుణెలో మొదలై షోలాపూర్, హుమ్నాబాద్, హైదరాబాద్, సూర్యాపేట, విజయవాడల మీదుగా 840 కిలోమీటర్ల పైచిలుకు నడిచి మచిలీపట్నంలో ఆగుతుంది. పుణె వాడికి బందర్ అంటే రేవు. కర్ణాటకలోని హుమ్నాబాద్‌లో ‘వచ్చారు’, రేవు కూడా. హైదరాబాదు పాతబస్తీలో అడిగితే కోతి. విజయవాడలో అడిగితే ‘ఇదే రోడ్డు, తిన్నగా వెళ్లండి’.

ఆ దారిలోనే, విజయవాడ ఇంకా కాస్త దూరముందనగా, పరిటాల దగ్గర 135 అడుగుల ఆంజనేయస్వామి విగ్రహం కనిపిస్తుంది. 2003లో నిలిపారు. బందరు పోయే రోడ్డు మీద అంతెత్తు వానర వీరుడు... కాకతాళీయమే అయినా హిందీ వాళ్ల అనుమానం ఇంకాస్త బలపడితే తప్పు వాళ్లది కాదు!

సముద్రం దాటితే...

రేవు మాట కదా, ఒక్కచోట ఆగదు. ఓడలతో పాటు అదీ ప్రయాణం చేసింది.

పడమటికి వెళ్తే అరబ్బీలో బందర్ బహువచనం ‘బనాదిర్’. సోమాలియా రాజధాని మొగదిషు చుట్టుపక్కల ప్రాంతానికి ‘బనాదిర్’ అన్న పేరు అలా వచ్చిందే. అరబ్బు దేశాల్లో బందర్ అని మగపిల్లలకు పేరూ పెడతారు. 1983 నుంచి 2005 దాకా అమెరికాలో సౌదీ రాయబారిగా ఉన్న రాకుమారుడు బందర్ బిన్ సుల్తాన్ పేరు పేపర్లు చదివేవాళ్లకు తెలిసిందే. ఆ పేరుకు కోతి అర్థం చెబితే దౌత్య సంబంధాలు దెబ్బతినిపోవూ!

తూర్పుకు వెళ్తే 15వ శతాబ్దంలో మలక్కా రేవు. అక్కడ నలుగురు షాబందర్లు ఉండేవారు. ఒక్కో ప్రాంతపు వర్తకులకు ఒక్కొక్కరు. గుజరాతీల కోసమే ఒకరు. మన తీరం నుంచి వెళ్లేవాళ్లను అక్కడ ‘క్లింగులు’ అనేవారు. కళింగం నుంచి వచ్చిన మాటది. బెంగాలీలతో, పెగూ వాళ్లతో కలిపి వీళ్లను చూసుకునేందుకు ఇంకో షాబందరు. ఇండోనేసియాలో రేవు అధికారిని ఇప్పటికీ ‘షాబందర్’ అనే అంటారు.

మలయ్ భాషలో కాలక్రమాన బందర్ అంటే రేవు కాస్తా పట్టణమైపోయింది. రేవున్నచోటే ఊరు పెరుగుతుంది కదా! బ్రూనై దేశపు రాజధాని పేరు బందర్ సెరి బెగావన్. అంతకుముందు బ్రూనై టౌన్ అనేవారు. గద్దె దిగిన సుల్తాను బిరుదు మీద 1970లో ఈ పేరు పెట్టారు. ‘సెరి బెగావన్’ను కాస్త నిదానంగా పలకండి... శ్రీ భగవాన్! పారశీకపు రేవు, సంస్కృత భగవానుడు కలిసి బోర్నియో దీవిలో రాజధాని అయ్యారు.

ఇండోనేసియా వాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. వాళ్ల భాషలో ‘ఉదార’ అంటే గాలి. ‘బందర్ ఉదార’ అంటే గాలి రేవు, అంటే విమానాశ్రయం. దాన్ని కుదించి ‘బందార’ అంటున్నారు. అయితే అక్కడే జూదంలో బ్యాంకు కాసేవాడినీ ‘బందర్’ అంటారు. కాబట్టి జకార్తాలో ఎవరైనా ‘మీది బందరా?’ అంటే వెంటనే అవునని చెప్పకపోవడమే మేలు.

బండారు వేరు, బందరు వేరు

చెవికి దగ్గరగా వినిపించినా బొత్తిగా సంబంధం లేని చుట్టం ఇంకొకటి ఉంది... బండారు. సంస్కృతంలో భాండారం అంటే కోశాగారం, ధనాగారం. అది తెలుగులో బండారమైంది. ‘వాడి బండారం బయటపడింది’ అంటామే, ఆ బండారం. ఇంటిపేరు బండారు కూడా ఉంది. తెలంగాణలో కొమురవెల్లి మల్లన్నకు చల్లే పసుపును బండారు అంటారు. అది మహారాష్ట్రలో ఖండోబాకు చల్లే ‘భండారా’కు జోడు.

తెలుగులో తొలి కథా రచయిత్రిగా పేరొందిన బండారు అచ్చమాంబది కృష్ణా జిల్లాయే. 1902లో ఆవిడ మరో మిత్రురాలితో కలిసి బృందావన స్త్రీ సమాజాన్ని స్థాపించింది ఎక్కడో తెలుసా? బందరులో! అలా బండారు వారు బందరులో ఓ చరిత్రకు పునాది వేశారు.

కలంలో ఓడ ఉంది

ఒకే శబ్దంలో వేర్వేరు మాటలు కాపురం చేయడం బందరుకు కొత్త కాదు. ఆ ఊరికి పేరు తెచ్చిన కలంకారీనే చూడండి. ‘కలం’ అంటే రాసే కలమే. గ్రీకులో రెల్లు పుల్లను ‘కలమోస్’ అంటారు. అది అరబ్బీలో ఖలమై, పారశీకం మీదుగా మనకు కలమై వచ్చింది.

అచ్చ తెలుగులోనూ ఓ ‘కలము’ ఉంది. దానర్థం ఓడ! తమిళంలోని కలానికి అది తోబుట్టువు. అది ద్రావిడ పదం. సంస్కృతంలో ‘కలమ’ అంటే ఒక రకం వరి కూడా. అంటే పెడన నేతగాళ్ల, అద్దకం వాళ్ల బట్టకు పేరిచ్చిందో కలం. ఆ బట్టను ఇరాన్ దాకా మోసుకెళ్లిందో కలం. డెల్టా చేలో పండిందో కలం. మూడూ కృష్ణా జిల్లాకు అన్నం పెట్టినవే.

ఇలాంటి పోలికలు ప్రపంచమంతా ఉన్నాయి. గ్రీసులో నీళ్లు కావాలంటే ‘నెరో’ అనాలి. మన నీరుకు అదేమీ కాదు. ‘తాజా నీళ్లు’ అనే పాత గ్రీకు మాటలో తాజా అన్న ముక్క మిగిలి అలా అయింది. పారశీకంలో ‘బద్’ అంటే చెడు. మన ‘బదనాం’లో ఉన్నది అదే. ఇంగ్లిషులోనూ ‘బ్యాడ్’ అంటే చెడే. రెండింటికీ చుట్టరికం లేదు. ఆస్ట్రేలియాలో ఎంబబరం అనే ఆదివాసీ భాషలో కుక్కను ‘డాగ్’ అంటారు. అదీ ఇంగ్లిషు నుంచి పోయిన మాట కాదు! మనిషి నోట పలికే శబ్దాలు పదుల్లో ఉంటాయి. చెప్పాల్సినవి వేలల్లో ఉంటాయి. వేల భాషలు అవే శబ్దాల్ని మళ్లీ మళ్లీ వాడుకోవాలి. అప్పుడు ఎక్కడో ఓ చోట ఢీకొనడం ఖాయం. శబ్దం కలిసిందని వంశం కలిసిందనుకుంటే పొరపాటే. మాట పుట్టుక తెలియాలంటే అది నడిచొచ్చిన దారి వెతకాలి.

పేరు మిగిలింది

బందరు విషయంలో ఆ దారి వెతికితే నవ్వు ఆగిపోయే చోటొకటి వస్తుంది.

1605లో డచ్చివారు వచ్చారు. 1611లో ఇంగ్లిషువారు వచ్చారు. 1669లో ఫ్రెంచివారు వచ్చారు. తీరం లోతు తక్కువ. పెద్ద ఓడలు కొన్ని మైళ్ల దూరంలోనే ఆగిపోయేవి. సరుకంతా పడవల మీద చేరవేయాలి. అయినా వచ్చారు. ఆ అద్దకాల బట్టలు అలాంటివి.

1864 నవంబరు 1 రాత్రి వచ్చింది మాత్రం మనుషులు కాదు. తుపాను తరిమిన సముద్రం ఊరి మీదికి వచ్చింది. సుమారు 30 వేల మంది చనిపోయారు. రేవు అప్పటికే మద్రాసు ముందు చిన్నబోయింది. ఆపైన కోలుకోలేదు. మేట వేస్తున్న ఇసుక ఒకవైపు, రైలు దారులు మరోవైపు. 1933లో విశాఖలో లోతైన రేవు తెరిచాక పెద్ద ఓడలకు ఇటు చూసే పనే లేకపోయింది.

ఊరు మాత్రం ఊరుకోలేదు. 1902లో కృష్ణా పత్రిక, 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల, 1923లో పట్టాభి సీతారామయ్య చేతుల మీదుగా ఆంధ్రా బ్యాంకు... అన్నీ బందరులోనే పుట్టాయి. బుందేల్‌ఖండ్ నుంచి వచ్చిన బొందిలీలు నేర్పారని చెప్పే తొక్కుడు లడ్డు బందరు లడ్డుగా భౌగోళిక గుర్తింపు కూడా పొందింది. ఆ శనగపిండి పూసను మళ్లీ దంచి, జల్లించి, బెల్లం పాకంలో తొక్కి చేసే ఓపిక ఆ ఊరిదే. గిలకలదిండి నుంచి మర పడవలు చేపల వేటకు వెళ్తూనే ఉన్నాయి. కానీ దేశదేశాల ఓడలు ఆగే రేవు మాత్రం పేరులోనే మిగిలింది.

రేవు లేని ఊరిని తరతరాలుగా ‘రేవు’ అని పిలుచుకుంటున్నారు. దీన్ని అలవాటు అనుకోవచ్చు. హక్కు పత్రం అని కూడా అనుకోవచ్చు. ఓడరేవు కావాలని ఇక్కడ జనం ఏళ్ల తరబడి దీక్షలు చేశారు, ఊరేగింపులు తీశారు. 2008లో వై.ఎస్.రాజశేఖరరెడ్డి, 2019లో చంద్రబాబునాయుడు, 2023లో జగన్‌మోహన్‌రెడ్డి... ముగ్గురు ముఖ్యమంత్రులు మూడుసార్లు కొబ్బరికాయ కొట్టారు. మూడోసారి మంగినపూడి వైపు తీరాన పనులు మొదలయ్యాయి. ఇదే రేవు ఏ రత్నపురమో, రామాపురమో అనే ఊరికి వస్తే అది కొత్తగా వచ్చినట్టు. బందరుకు వస్తే మాత్రం పోయింది తిరిగి వచ్చినట్టు. ఆ తేడా పేరులోనే ఉంది.

విజయవాడలో బందరు రోడ్డుకు కాగితాల మీద వేరే పేరుంది. మహాత్మాగాంధీ రోడ్డు. బోర్డుల మీద ఆ పేరున్నా జనం నోట బందరు రోడ్డే. గాంధీగారికి ఇందులో నొచ్చుకోవాల్సింది ఏమీ లేదు. 1869లో ఆయన పుట్టిన ఊరు పోర్‌బందర్ కదా! ఆయన రోడ్డు ఓ బందరుకు వెళ్తుంది, ఆయన వచ్చిందీ ఓ బందరు నుంచే.

చివరగా కన్నడం వాళ్ల దగ్గర ఇంకో చిన్న వ్యాకరణ పాఠం. మనుషులు వస్తే ‘బందరు’. ఓడలు వస్తే ‘బందవు’. మన ఊరికి డచ్చివారు, ఇంగ్లిషువారు, ఫ్రెంచివారు, పారశీక వర్తకులు, బుందేల్‌ఖండ్ మిఠాయి వాళ్లు... అందరూ బందరు.

ఇక రావాల్సింది ఓడలు.